చిన్న గదికి ఎంత స్పీకరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఈమధ్య కడుతున్న మిద్దెల ప్లానుల్లో పూజగది, స్టోరు రూముల పక్కన హోమ్ థియేటర్ అని రాసిన గది కూడా చోటు సంపాదించుకుంటోంది. చాలాసార్లు అది మిగతా అవసరాలన్నీ తీరాక మిగిలిన గది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. గోడలకు సిమెంటు పూత, పైన కాంక్రీటు స్లాబు, కింద నాపబండో నున్నటి టైల్సో. ఇల్లు పూర్తి కావస్తుండగా ఇంట్లో చర్చ మొదలవుతుంది: ఏ కంపెనీ స్పీకర్లు కొందాం, ఎన్ని వాట్లు ఉండాలి, 5.1 చాలా, అట్మాస్ పెట్టించాలా? డబ్బు పెట్టగలిగిన వాళ్లు పెద్ద పెట్టెల వైపు, అంత పెట్టలేని వాళ్లు సౌండ్‌బార్ వైపు మొగ్గుతారు. కొన్నాక వినిపించే ఫిర్యాదు మాత్రం ఇద్దరిదీ ఒకటే: ఫైట్లలో చెవులు పగులుతున్నాయి, మాటలు అర్థం కావడం లేదు, రిమోట్ చేతిలోంచి దిగడం లేదు. ఈ ఫిర్యాదు ధరను బట్టి మారకపోవడం ఆలోచించవలసిన విషయం. ఇలాంటి గదిలో మోతకు కొరత ఉండదని, కొరతంతా మాట తేటగా వినపడడంలోనేనని నా వాదన. కాబట్టి ఖర్చు కూడా ఆ లోటు ఉన్న చోటికే పోవాలి. ముందు గదిని మెత్తబరచడానికి, తర్వాత ముందువైపు మూడు మంచి చిన్న స్పీకర్లకు, ఆ తర్వాత బేస్‌కు, మిగిలితేనే తక్కిన హంగులకు.

గదితోనే ఎందుకు మొదలుపెట్టాలో చూద్దాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో తీసే సున్నపురాయి పలకలే కడప బండలన్న పేరుతో దక్షిణాదంతా పరుచుకున్నాయి. ఊళ్లోనే చౌకగా దొరికేది కాబట్టి ఇక్కడి ఇళ్లలో నేలకు, అలమర అరలకు, వంటగట్టుకు, మెట్లకు ఆ బండే. ఎండాకాలం పాదానికి చల్లగా ఉంటుంది, తరాలపాటు మన్నుతుంది. ధ్వని విషయంలో దాని గుణం వేరు. నున్నటి రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటో రెండో వంతులు పీల్చుకుని మిగతాదంతా తిప్పికొడుతుంది. సిమెంటు పూత గోడ, కాంక్రీటు స్లాబు దానికి పెద్ద తేడాగా ఏమీ ఉండవు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సాబిన్‌కు మాటలు అర్థం కాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. ఆయన పక్కనున్న నాటకశాల నుంచి కూర్చునే దిండ్లు రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు పెడితే మారుమోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆ కొలతల నుంచి పుట్టిన సూత్రాన్ని మన గదికి వర్తింపజేస్తే, 1,200 ఘనపుటడుగుల ఖాళీ గదిలో ఒక్క చప్పట పూర్తిగా అణగడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది. చిన్న గదుల్లో ఈ సూత్రం అచ్చుగుద్దినట్టు పనిచేయదు గాని, ఏ దిక్కున ఉన్నామో చెప్పడానికి చాలు. సినిమా వినే చిన్న గదిలో ఆ సమయం అర సెకండు కంటే తక్కువ, వీలైతే 0.3, 0.4 సెకండ్ల దగ్గర ఉండాలి.

మూడు సెకండ్ల గదిలో ఏమవుతుందో తెలుగు వాక్యం ఒకటి పలికి చూస్తే తెలుస్తుంది. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి. ఆ అచ్చు గోడల మధ్య ఇంకా తిరుగుతుండగానే తర్వాతి మాట మొదటి హల్లు వచ్చి పడుతుంది. అచ్చుల్లో బలం ఎక్కువ, హల్లుల్లో తక్కువ. అర్థాన్ని విడదీసి చూపేవి మాత్రం ఆ బలహీనమైన హల్లులే. పైన ఫ్యాను ఐదో నంబరులో తిరుగుతుంటే, పక్కన కూలరు సద్దు చేస్తుంటే ఆ హల్లులు మరీ మునిగిపోతాయి. అప్పుడు వాల్యూమ్ పెంచుతాం. పెంచిన మేరకు మారుమోత కూడా పెరుగుతుంది, కనుక తేటదనం రాదు. ఇంతలో ఫైటు వస్తుంది. రిమోట్ చేతిలోంచి దిగకపోవడానికి కారణం ఇదే. ఇంకా ఎక్కువ వాట్ల స్పీకరు తెచ్చినంత మాత్రాన ఈ చిక్కు విడిపోదు.

బేస్ సంగతి ఇంకో రకం. మనం చదివే స్పీకర్ సమీక్షలు, కొనుగోలు సలహాలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి. అక్కడి ఇల్లు సాధారణంగా కర్ర చట్రానికి జిప్సం పలకలు బిగించినది. ఆ పలక లోతైన శబ్దానికి కొద్దిగా ఊగుతుంది, ఊగుతూ కొంత మింగుతుంది, కొంత బయటికి వదిలేస్తుంది. 9 అంగుళాల ఇటుక గోడ అలా ఊగదు. బేస్ గదిలోనే ఉండిపోతుంది. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. తలుపులు మూసిన చిన్న గట్టి గదిలో అట్టడుగు శబ్దాలకు గదే తోడు పడుతుంది కనుక అక్కడ 15 అంగుళాల సబ్‌వూఫర్ చేసే పని ఇక్కడ 10 అంగుళాలది చేయగలదు. నష్టం స్థిర తరంగాలది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి సరిపోయే పౌనఃపున్యాలు అక్కడే నిలబడి ఉబ్బుతాయి. 12 అడుగుల పొడవుకు అది 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్ దగ్గర. ఎత్తు కూడా 10 అడుగులే అయితే అదే 56 మీద రెండోసారి బరువు పడుతుంది. డప్పు మోగినా, బాంబు పేలినా, లారీ పోయినా అన్నీ ఒకే గుమ్‌మనే శబ్దంగా వినిపించడం ఈ లెక్కలోంచే వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదే ఉన్న గది అన్నిటికంటే చెడ్డది. దాన్ని ఇంకే పనికైనా వాడుకుని, కాస్త పొడవైన గదిని సినిమాకు ఇవ్వడం మేలు.

ఎంత మోత కావాలన్నదానికి కూడా లెక్క ఉంది. సినిమా హాలులో ఒక్కో ఛానెల్‌ను 85 డెసిబెల్స్ ప్రామాణిక మట్టానికి సరిచేస్తారు. గది చిన్నదయ్యేకొద్దీ అదే మట్టం చెవికి భారమనిపిస్తుంది, ఎందుకంటే గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దం దగ్గరగా, త్వరగా వచ్చి చేరుతుంది. అందుకే అమెరికా డిజిటల్ టెలివిజన్ ప్రమాణాలను రూపొందించే ఏటీఎస్‌సీ సంస్థ గది ఘనపరిమాణాన్ని బట్టి మట్టాన్ని తగ్గిస్తూ వచ్చింది. 1,500 ఘనపుటడుగుల లోపు గదికి అది చెప్పిన మట్టం 76. హాలు కంటే 9 డెసిబెల్స్ తక్కువ, అంటే శక్తిలో ఎనిమిదో వంతు. దాని మీద క్షణకాలపు పేలుళ్ల కోసం మరో 20 డెసిబెల్స్ వదిలిపెడితే 96 అవుతుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరు, 8 అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి ఆ 96 అందించడానికి 50 వాట్ల లోపే తీసుకుంటుంది. గోడల తోడు కలిస్తే అందులో సగమే. కాబట్టి అట్టపెట్టె మీద అచ్చేసిన వేల వాట్లు ఈ గదికి సంబంధించిన అంకె కాదు. పీఎంపీఓ అని రాసిన అంకెకైతే ఒప్పుకున్న నిర్వచనమే లేదు. ఆర్‌ఎంఎస్ అని ఉన్నా అన్ని ఛానెళ్లనూ కలిపి, పది శాతం వక్రీకరణను సహించి రాసినదా అని అడిగి తెలుసుకోవాలి.

పెద్ద స్పీకరు కొని తక్కువలో నడిపితే నష్టమేమిటి, శ్రమ లేకుండా హాయిగా పలుకుతుంది కదా అని అడగవచ్చు. మాటలో నిజముంది. శ్రమపడని స్పీకరు వక్రీకరణ తక్కువగా పలుకుతుంది. అయితే 12 అడుగుల గదిలో నిలువెత్తు టవరు స్పీకరు తనంతట తాను తీసే లోతైన బేస్‌ను మనం పెట్టిన చోటి నుంచే తీస్తుంది. తెర పక్కన, మూలకు దగ్గరగా పెట్టడం తప్పదు, మూలలో పెట్టిన బేస్ స్థిర తరంగాలన్నిటినీ ఒకేసారి లేపుతుంది. బేస్‌కు అనువైన చోటు వేరు, మాటకు అనువైన చోటు వేరు కనుక ఆ రెండు పనుల్ని విడదీసి చిన్న స్పీకరుకు ఒకటి, సబ్‌వూఫర్‌కు ఒకటి ఇవ్వడమే చిన్న గదిలో తెలివైన పని. టవరులో బేస్ కోసం పెట్టిన డబ్బుతో ఆ సబ్‌వూఫర్ వస్తుంది. మట్టం తగ్గిస్తే బేస్ వెలితిగా అనిపిస్తుందన్న ఇంకో మాట కూడా నిజమే. తక్కువ మట్టంలో మనిషి చెవి లోతైన శబ్దాల్ని తక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. సబ్‌వూఫర్‌ను రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువలో పెట్టుకుంటే ఆ వెలితి తీరుతుంది.

ఇక ఆ చిన్న స్పీకరు ఎలాంటిదై ఉండాలి? ఎవరి చెవి వాళ్లది, ఎవరి రుచి వాళ్లదని దుకాణాల్లో అంటారు. దీని మీద దశాబ్దాలపాటు ఓపికగా పరిశోధన జరిగింది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్, తర్వాత హార్మన్ సంస్థలో ఆయన, షాన్ ఆలివ్ కలిసి స్పీకర్లను తెర వెనక దాచి శ్రోతలకు వినిపించారు. కంపెనీ పేరు, ధర, పెట్టె సోకు కనిపించనప్పుడు శిక్షణ ఉన్నవారూ లేనివారూ ఇంచుమించు అవే స్పీకర్లను మెచ్చుకున్నారు. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతల్ని, శ్రోతల మార్కుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెంటికీ 0.86 సహసంబంధం వచ్చింది. జనం మెచ్చినవి రెండు గుణాలున్నవి: ఎదురుగా విన్నప్పుడు ఏ స్వరాన్నీ ఎక్కించకుండా దించకుండా సమంగా పలకడం, పక్కలకు వెళ్లే శబ్దం కూడా అదే తీరులో నునుపుగా తగ్గుతూ పోవడం. ఈ రెండో గుణం మన గదులకు ప్రాణం లాంటిది. మెత్తటి గదిలో పక్కకు వెళ్లిన శబ్దం ఏ సోఫాలోనో ఇంకిపోతుంది. బండల గదిలో అది గోడకు కొట్టుకుని కొన్ని మిల్లీ సెకండ్లలో మన చెవికే వస్తుంది. పక్కలకు కరకుగా పలికే స్పీకరు మనకు రెండుసార్లు కరకుగా వినిపిస్తుంది. దుకాణంలో ఎదురుగా నిలబడి మెచ్చుకున్నది ఇంటికి తెస్తే గీరుకున్నట్టు ఉండడానికి ఇది ముఖ్యమైన కారణం. అందుకే వినేటప్పుడు స్పీకరుకు నలభై యాభై డిగ్రీల పక్కకు జరిగి కూడా వినాలి. తెలిసిన సినిమాలోని మాటల ఘట్టం ఒకటి పెట్టించుకోవాలి. బాంబుల ట్రైలరులో ఏ స్పీకరైనా గొప్పగానే ఉంటుంది.

రుచి విషయంలో సీమకు ప్రత్యేకమైన అభ్యంతరం ఒకటుంది. పెళ్లి ఊరేగింపులు, తిరునాళ్లు, ప్రొద్దుటూరు దసరా సంబరాలు, వీటన్నిటిలో పెరిగిన చెవికి బిగువైన బేస్, బలమైన మోత కావాలి, పుస్తకాల్లోని సమానత్వం ఎవరికి కావాలని అంటారు. ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. ఆరుబయట డప్పు దెబ్బ గుండెకు తగలడంలో ఉన్న ఆనందం నిజమైనదే. ఆ దెబ్బ అంత బిగువుగా ఉండడానికి కారణం ఆరుబయట గోడలు లేకపోవడం, దెబ్బ పడ్డ చోటే ఆగిపోవడం. గదిలో ఉబ్బి సాగే బేస్ ఆ ఆనందానికి దగ్గరిది కాదు. డప్పును డప్పులా వినాలనుకునేవాళ్లే అందరికంటే ముందు సమంగా పలికే స్పీకరును, అదుపులో ఉన్న గదిని కోరుకోవాలి.

మూడు ముందు స్పీకర్లలో నడిమిది చాలా ఇళ్లలో నిర్లక్ష్యానికి గురవుతుంది. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం దాని నుంచే వస్తుంది. కడప జిల్లాలోనే పుట్టిన బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి సోదరులు వాహినీ, విజయా సంస్థల ద్వారా ఇచ్చిన మల్లీశ్వరి, పాతాళభైరవి లాంటివన్నీ ఒకే ఛానెల్ ధ్వనితో తయారైనవి. మాయాబజార్‌కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు ధ్వనిని 5.1కు విస్తరించారు గాని, 1957 నాటి మూలంలో ఉన్నది ఒక్క ఛానెలే. పాత సినిమాలు ఇష్టంగా చూసే ఇంట్లో ఆ భారమంతా నడిమి స్పీకరు మీదే పడవచ్చు. అయినా మార్కెట్లో అమ్మేవాటిలో చాలావరకు ట్వీటరుకు అటూ ఇటూ రెండు వూఫర్లు అడ్డంగా పేర్చినవే ఉంటాయి. టీవీ కింద అందంగా ఇముడుతుంది. ఎదురుగా కూర్చున్నవాడికి బాగానే ఉంటుంది. దివాను అంచున కూర్చున్నవాడికి రెండు వూఫర్ల నుంచి శబ్దం వేర్వేరు దూరాలు నడిచి వచ్చి ఒకదాన్నొకటి కొంత చంపుకుంటుంది, అదీ సరిగ్గా మాట ఉండే స్థాయిలో. కుటుంబమంతా వరసగా కూర్చునే పదడుగుల వెడల్పు గదిలో అంచు సీట్లు తప్పవు కదా. కుడి ఎడమలకు తీసుకున్న బుక్‌షెల్ఫ్ స్పీకరు లాంటిదే మూడోది నిలువుగా పెట్టడం అన్నిటికంటే మంచి దారి. తెర కింద చోటు లేకపోతే ట్వీటరు కిందనే మధ్యస్థాయి డ్రైవరు ఉన్న మూడు దారుల (త్రీ-వే) నడిమి స్పీకరు వెతకాలి. మూడింటి గొంతూ ఒకటిగా ఉండాలి కనుక ఒకే వరుసలోని మోడళ్లే తీసుకోవాలి.

అరచేతిలో పట్టేంత చిన్న పెట్టెలు ఐదు, ఒక సబ్‌వూఫర్ కలిపి అమ్మే సెట్టు మన ఊళ్లలో బాగా పోతుంది. చిన్న గదికి చిన్న స్పీకరు అన్న నా మాటను దానికి అనుకూలంగా తీసుకోవద్దు. రెండున్నర మూడు అంగుళాల కోను 80 హెర్ట్జ్ దాకా దిగలేదు, కాబట్టి సబ్‌వూఫర్ 150, 200 దాకా ఎక్కి రావాలి. మగ గొంతు అడుగు అక్కడే ఉంటుంది. హీరో ముఖం తెర మీద, గొంతు సగం మూలనున్న పెట్టెలో. ఐదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫరున్న పెట్టె 80 హెర్ట్జ్ దగ్గర పనిని హాయిగా అప్పగించగలదు, ఆ కిందటి శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పెద్దగా పట్టుకోలేదు. ఈ గదికి సరైన కొలత అది.

సబ్‌వూఫర్ ఒకటి పెద్దది కొనే డబ్బుకు రెండు చిన్నవి కొనడం మేలు. హార్మన్‌లో టాడ్ వెల్టీ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఎదురెదురు గోడల మధ్య బిందువుల దగ్గర రెండు పెడితే సీటుకూ సీటుకూ బేస్ తేడా బాగా తగ్గిందని తేలింది. గట్టి గోడల మధ్య ఈ ఉపాయానికి విలువ ఇంకా ఎక్కువ. మూసిన పెట్టె రకం తీసుకుంటే అది కిందికి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది, చిన్న గది ఇచ్చే తోడు ఆ తగ్గుదలను పూడుస్తుంది. రంధ్రం ఉన్న రకానికి మోత ఎక్కువ, ఈ గదిలో ఆ ఎక్కువ అక్కర్లేదు. పైగా మూసిన పెట్టెకు దుమ్ము, బల్లులు దూరే దారి ఒకటి తగ్గుతుంది. ఒక్క సబ్‌వూఫరే కొనగలిగితే దాన్ని కూర్చునే చోట పెట్టి, పాట ఒకటి నడిపి, గోడల వెంబడి వంగి తిరుగుతూ బేస్ సమంగా వినిపించిన చోటు గుర్తుపెట్టుకుని, దాన్ని అక్కడికి మార్చాలి. ఖర్చు లేని పని, ఫలితం పెద్దది. దివాను వెనక గోడకు ఆనించే అలవాటు కూడా మానుకోవాలి. గోడ దగ్గర అన్ని స్థిర తరంగాలూ ఉబ్బుతాయి, సరిగ్గా గది నడుమ మొదటిది మాయమవుతుంది. తెర గోడ నుంచి ఏడెనిమిది అడుగుల దగ్గర కూర్చుంటే రెండు ఇబ్బందుల నుంచీ కొంత తప్పించుకోవచ్చు. ముందు స్పీకర్లను గోడలోని బండ అలమరలో లోపలికి నెట్టడం ఇక్కడ మామూలు. ఆ గూడు గొంతును డొల్లగా మారుస్తుంది. స్టాండు వీలుకాకపోతే స్పీకరు ముఖం అర అంచుకు సమంగా ఉండేలా జరిపి, చుట్టూ ఖాళీలో దూది కుక్కాలి.

దూది మాట వచ్చింది కనుక గదిని మెత్తబరచడం గురించి. 0.35 సెకండ్లకు రావాలంటే ఈ గదికి 15 చదరపు మీటర్లకు సమానమైన పీల్పు కావాలి. ఖాళీ గదిలో ఉన్నది రెండు లోపే. సోఫా, అందులో నలుగురు మనుషులు కలిస్తే మరో నాలుగు. వెనక గోడంతా మడతలు పడేలా వేలాడదీసిన మందపాటి తెర నాలుగుకు దగ్గర. నేల మీద జంపఖానా ఒకటి. పక్క గోడల మీద, శబ్దం మొదట తగిలే చోట్ల, రెండంగుళాల మందం రాక్‌వూల్ పలకల్ని చెక్క చట్రంలో బిగించి గుడ్డ చుట్టి నాలుగు తగిలిస్తే ఇంకో మూడు. అన్నీ కలిపితే పద్నాలుగు. మారుమోత 0.4 సెకండ్ల దాకా దిగుతుంది. వడ్రంగి, దర్జీ చేయగలిగిన పనులివి. చేనేతకు పేరున్న ప్రొద్దుటూరులో గుడ్డకు కొదవా? నల్ల ఫోము ముక్కలు గోడ నిండా అతికిస్తే పై స్వరాలు మాత్రమే చచ్చి గది మబ్బుగా మారుతుంది, మందం లేనిదే మధ్యస్థాయికి అది అందదు. మన దుమ్ముకు, నలభై డిగ్రీలు దాటే ఎండకు తెరలు, పరుపులు ఎవరు భరిస్తారన్న అభ్యంతరం సహేతుకమే. అందుకే తివాచీ కంటే ఉతకడానికి వీలైన తెర, విప్పి దులపగలిగే పలక మంచివి. నాపబండను పూర్తిగా కప్పనక్కర లేదు, స్పీకర్లకూ సీటుకూ నడుమ జంపఖానా పరిస్తే చాలు. ఎండ గురించే ఇంకో మాట: కూలరు సద్దుతో పోలిస్తే స్ప్లిట్ ఏసీ చాలా నిశ్శబ్దం. ఏసీ కూడా ధ్వని ఖర్చులోనే వేసుకోవచ్చు.

యాంప్లిఫయరులో గదిని కొలిచి సరిదిద్దే ఏర్పాటు ఉండగా ఈ తంటా ఎందుకంటారు. ఆ ఏర్పాటు బేస్‌లో ఉబ్బిన చోట్లను బాగా కోస్తుంది, దాన్ని తప్పక వాడుకోవాలి. అయితే శబ్దం చచ్చిన చోట ఎంత శక్తి పోసినా నిండదు. మాట స్థాయిలో మారుమోతను అది తగ్గించలేదు, ఎందుకంటే స్పీకరులోంచి వచ్చే శబ్దాన్ని మార్చగలదు గాని గోడను మార్చలేదు.

సౌండ్‌బార్‌ను నేను కొట్టిపారేయను. టీవీ సొంత స్పీకర్ల కంటే నడిమి ఛానెల్ ఉన్న సౌండ్‌బార్ మాటను బాగా ఎత్తి చూపుతుంది. తీగలు లాగలేని అద్దె ఇంట్లో అదే దారి. గోడలకు కొట్టించి చుట్టూ శబ్దం పుట్టిస్తామనే రకాలు మాత్రం బండల గదిలో అన్ని వైపుల నుంచీ కలగాపులగంగా వినిపిస్తాయి. విడి స్పీకర్ల సెట్టుకు వస్తే, పక్క స్పీకర్లకు అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన చోటు, చెవి రేఖకు కాస్త వెనక 110 డిగ్రీల దగ్గర. పదడుగుల గదిలో అంచున కూర్చున్నవాళ్ల చెవి పక్కనే అవి పడతాయి గనుక తల కంటే ఎత్తులో బిగించాలి. బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్ లాంటివి అట్మాస్‌లో వచ్చాయి కాబట్టి పై స్పీకర్లు తప్పవంటారు. ఎత్తు ఛానెళ్లు ఇచ్చే ఆనందం నిజమే, కానీ ముందు మూడూ సరిగా లేని గదిలో అది గొడుగు కింద వాన చప్పుడు లాంటిది: ఎక్కడో పడుతోందని తెలుస్తుంది గాని తడవం. పైకి కొట్టి కిందికి దింపే రకం స్పీకర్లకు చదునైన గట్టి కప్పు కావాలి, పదడుగుల కాంక్రీటు స్లాబు వాటికి సరిగ్గా సరిపోతుంది. జమ్మలమడుగు వైపు పల్లెల్లో ఇంకా ఉన్న, దూలాల మీద బండలు పరిచి మట్టి వేసిన పాత మిద్దెల్లో అవి పనిచేయవు. ఆ ఎగుడుదిగుడు కప్పు శబ్దాన్ని చెదరగొడుతుంది. మాటకు, పాటకు మాత్రం అదే మంచి చేస్తుంది. అలాంటి ఇల్లున్నవాళ్లు కొత్త గది కోసం వెతకనవసరం లేదు.

ఊళ్లోని మెకానిక్కు చేసిచ్చే అసెంబుల్డ్ సెట్టు సగం ధరకు రెట్టింపు మోత ఇస్తుందన్న వాదన చివరిగా మిగిలింది. మైకుసెట్ల కోసం తయారైన డ్రైవర్లు తక్కువ వాట్లకే గట్టిగా పలుకుతాయి, నిజం. వూఫరుకూ ట్వీటరుకూ నడుమ ఒక్క కెపాసిటరు మాత్రం పెట్టి వదిలేసిన పెట్టె పక్కలకు ఎలా పలుకుతుందో ఎవరూ కొలవరు, మన గదికి అసలు కావలసింది ఆ కొలతే. అయినా మెకానిక్కు చేతిలో ఉన్న ఒక గొప్ప సౌకర్యాన్ని మరవలేం: చెడిపోతే సాయంత్రానికి బాగుచేస్తాడు. పేరున్న కంపెనీ యాంప్లిఫయరు చెడితే పెద్ద నగరానికి మోసుకుపోవలసి రావచ్చు. కాబట్టి స్పీకర్లు కంపెనీవి, సబ్‌వూఫర్ పెట్టె, పలకలు, స్టాండ్లు, తీగల పని ఊరివాళ్లవి అన్న పంపకం నాకు సబబుగా తోస్తుంది. స్పీకరు కోను చుట్టూ ఉండే అంచు ఫోముది కాక రబ్బరుది కావాలని అడగాలి, ఎండకు ఫోము ముందు పొడిపొడిగా రాలుతుంది. కరెంటు సంగతి కూడా చూసుకోవాలి: రాతి నేలలో ఎర్త్ సరిగా దిగదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతకు వేసవిలో నీళ్లు పోయకపోతే స్పీకర్లలో గుయ్‌మనే సద్దు మొదలవుతుంది, దాన్ని యాంప్లిఫయరు లోపమనుకుని మార్చేస్తుంటారు. ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకమైతే ఇంకో గుయ్ తప్పుతుంది.

ఇల్లు ఇంకా కాగితం మీదే ఉన్నవాళ్లకు ఇవన్నీ చాలా సులువు. 12కు 10 బదులు 14 అడుగుల పొడవు, పదకొండున్నర అడుగుల వెడల్పు ఇస్తే స్థిర తరంగాలు 40, 49, 56 హెర్ట్జ్‌ల దగ్గర విడివిడిగా పడతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. సెంట్రింగ్ కట్టి కడ్డీ పరిచిన రోజునే స్పీకరు తీగలకు పైపులు వేయించుకుంటే తర్వాత గోడ గాడి కొట్టే పని ఉండదు, అట్మాస్ ఎప్పుడు కావాలన్నా దారి ఉంటుంది. వెనక గోడలో బండ అలమర వద్దని, ఆ చోటు ఖాళీగా వదలమని మేస్త్రీకి ముందే చెప్పాలి. అక్కడ వేలాడే తెర ఖర్చు ఒక్క స్పీకరు ధరలో చిన్న భాగం, దాని పని మాత్రం గదిలో ఉన్న స్పీకర్లన్నిటికీ అందుతుంది.